రెండున్నర మిల్లీమీటర్లలో ఆరు పొరలు: స్కానర్ చూసిందెంత, మెషీన్ పూరించిందెంత?

మెదడు పైన ముడతలు ముడతలుగా పరుచుకున్న బూడిద రంగు పట్టీ కార్టెక్స్. దాని మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు. చూపుకు సంబంధించిన ప్రాంతంలో రెండుకు అటూ ఇటూ, కాళ్లూ చేతులూ ఆడించే మోటార్ ప్రాంతంలో నాలుగు దాకా ఉంటుంది. ఆ కాస్త మందంలోనే న్యూరాన్లు ఆరు పొరలుగా సర్దుకుని ఉంటాయి. మామూలు ఆసుపత్రి ఎమ్మారైలో ఒక్కో వోక్సెల్, అంటే మందం కూడా ఉన్న పిక్సెల్, భుజం సుమారు 1 మి.మీ. కార్టెక్స్ మొత్తానికే రెండు మూడు వోక్సెళ్లు వస్తాయి. ఆరు పొరలకు మూడు చుక్కలు! అయినా పుర్రె తెరవకుండా, బతికున్న మనిషి మెదడులో పొరల పటం గీశామని చెప్పే పరిశోధనలు పదిహేనేళ్లుగా పెరుగుతూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు నిజాయతీగా చేసిన పనే. కాకపోతే అలాంటి పటం చేతికొచ్చినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇందులో స్కాన్‌లోంచి వచ్చిందెంత, ముందే తెలిసిన శరీర నిర్మాణంలోంచి అల్గారిథం తెచ్చి పూరించిందెంత?

పొరల గొడవ మనకెందుకంటే, ఏ పొరలో పని జరుగుతోందో తెలిస్తే సమాచారం ఎటునుంచి ఎటు పోతోందో తెలుస్తుంది. కళ్లూ చెవులూ పంపే సంకేతాలు మెదడు మధ్యలోని థాలమస్ అనే కూడలి మీదుగా వచ్చి ప్రధానంగా 4వ పొరలో దిగుతాయి. 2, 3 పొరల్లోని కణాలు కార్టెక్స్‌లోని ఇతర ప్రాంతాలతో మాట్లాడతాయి. 5వ పొర వెన్నుపాముకీ, మెదడు లోపలి కేంద్రాలకీ ఆజ్ఞలు పంపుతుంది. 6వ పొర తిరిగి థాలమస్‌కు కబురు పెడుతుంది. అన్నిటికంటే పైనున్న 1వ పొరలో కణాలు బహు తక్కువ. అక్కడ ఉండేవి ఎక్కువగా తీగలే, వాటిలో పై స్థాయి ప్రాంతాల నుంచి వెనక్కి వచ్చే సంకేతాల వాటా పెద్దది. మామూలు ఎఫ్ఎమ్మారై (పని చేస్తున్న మెదడును తీసే ఎమ్మారై) ‘ఈ ప్రాంతం వెలిగింది’ అని చెప్పి ఊరుకుంటుంది. ఆ వెలుగు వచ్చిన కబురుదో, పంపిన కబురుదో చెప్పాలంటే పొర తెలియాలి.

ఈ పొరల తీరు అంతటా ఒకేలా ఉండదు. 1909లో బ్రాడ్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త మెదడును ప్రాంతాలుగా విడగొట్టి నంబర్లిచ్చింది ఆ తేడాల ఆధారంగానే. మోటార్ ప్రాంతంలో 4వ పొర దాదాపు కనిపించదు. ప్రాథమిక దృశ్య ప్రాంతంలోనైతే అదే పొర ఉపపొరలుగా చీలి, మధ్యలో ఒక తెల్లటి చారను మోస్తుంది. 1776లో ఫ్రాన్సెస్కో జెన్నారి అనే విద్యార్థి సూక్ష్మదర్శిని లేకుండా, కోసిన మెదడులో ఉత్త కంటితో చూసిన చార అదే. దాని మందం సుమారు 0.3 మి.మీ. ఈ జెన్నారి చారనూ, మోటార్ ప్రాంతంలో కనబడని 4వ పొరనూ గుర్తు పెట్టుకోండి, పటాలను పరీక్షించేటప్పుడు రెండూ పనికొస్తాయి.

ఎమ్మారైకి కనిపించేది కణం కాదు

సూక్ష్మదర్శిని కింద పొరలు కణాల ఆకారాన్నీ, సాంద్రతనూ బట్టి విడిపోతాయి. ఎమ్మారై కొలిచేది నీటిలోని హైడ్రోజన్ సంకేతాన్ని. ఆ సంకేతం ఎంత త్వరగా మామూలు స్థితికి చేరుతుందో చెప్పే టీ1, ఎంత త్వరగా చెదిరిపోతుందో చెప్పే టీ2-స్టార్, ఈ రెండింటినీ కార్టెక్స్‌లో ప్రధానంగా నడిపించేవి మైలిన్, ఇనుము. నరాల తీగల చుట్టూ ఉండే కొవ్వు తొడుగే మైలిన్. అది ఎక్కువున్న చోట టీ1 తగ్గుతుంది. 7 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం) యంత్రంలో బూడిద పదార్థం టీ1 దాదాపు 1,900 మిల్లీసెకన్లయితే, లోపలి తెల్ల పదార్థం టీ1 దాదాపు 1,200. కార్టెక్స్ పైనుంచి లోపలికి వెళ్లేకొద్దీ మైలిన్ పెరుగుతుంది కాబట్టి టీ1 వక్రరేఖ ఒక ఏటవాలులా దిగుతుంది. ఆ వాలు మీద 4, 5 పొరల దగ్గర అడ్డంగా పరిగెత్తే తీగల పట్టీల వల్ల చిన్న చిన్న మెట్లు వస్తాయి. స్కాన్‌లో పొరల గురించి నేరుగా దొరికే సాక్ష్యం దాదాపుగా ఆ మెట్లే.

అంటే ఎమ్మారైలో కనబడేవి మైలిన్ పట్టీలు. వాటికీ కణాల పొరలకీ సంబంధం ఉంది గానీ హద్దులు ఒకటి కావు. 2, 3 పొరల మధ్య గీతను మైలిన్ చిత్రంలో వెతికితే చాలా ప్రాంతాల్లో దొరకదు, ఎందుకంటే అక్కడ మైలిన్‌లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆ గీత పటంలో నిక్కచ్చిగా కనబడిందంటే అది స్కాన్‌లోంచి కాక ఇంకెక్కడి నుంచో వచ్చినట్టే.

వోక్సెల్ చిన్నది చేస్తే సరిపోదా?

భుజాన్ని 1 మి.మీ. నుంచి 0.5కు తగ్గిస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సంకేతం కూడా అంతే. నాయిస్ మీద పోయిన ఆధిక్యాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే స్కాన్ సమయం పెంచాలి, ఆ లాభం సమయపు వర్గమూలంలోనే వస్తుంది. ఎనిమిది రెట్లు కావాలంటే అరవై నాలుగు రెట్ల సమయం. ఐదు నిమిషాల స్కాన్ ఐదు గంటలు దాటుతుంది. బలమైన అయస్కాంతాల వెంట పడటం ఇందుకే. 3 టెస్లా నుంచి 7కు వెళ్తే సంకేతం సుమారు రెండున్నర నుంచి నాలుగు రెట్లు పెరుగుతుంది. దాంతో పది నిమిషాల పైచిలుకు స్కాన్‌లో మెదడంతా 0.7 మి.మీ. వద్ద తీయగలుగుతున్నారు. ఫ్రాన్స్‌లోని సాక్లేలో ఉన్న 11.7 టెస్లా ఇసూల్ట్ యంత్రం 2024లో మనిషి మెదడు చిత్రాలను నాలుగు నిమిషాల్లో తీసింది. ఆ చిత్రాల తలంలో 0.2 మి.మీ., మందంలో 1 మి.మీ. ఆ రెండో అంకె ముఖ్యం. కార్టెక్స్ చిత్ర తలానికి నిలువుగా నిలబడ్డ చోట మాత్రమే 0.2 పనికొస్తుంది. పక్కకు వాలిన చోట 1 మి.మీ. మందంలో పొరలన్నీ కలిసిపోతాయి. మెదడు ముడతలన్నీ తలోవైపు వాలి ఉంటాయి మరి.

రిజల్యూషన్ పెరిగేకొద్దీ ఇదివరకు పట్టించుకోని చిన్న దోషాలు పెద్దవవుతాయి. ఊపిరికీ గుటకకూ తల కదిలే దూరం ఒక పొర మందంతో పోటీ పడుతుంది. కాబట్టి స్కాన్ జరుగుతుండగానే కదలికను కొలిచి సరిదిద్దే ఏర్పాటు లేకపోతే 0.5 మి.మీ. అనేది కాగితం మీద అంకెగానే మిగులుతుంది. 7 టెస్లాలో రేడియో తరంగాలు తలంతటా సమానంగా పాకవు. కణతల దగ్గర, చిన్నమెదడు దగ్గర ఫ్లిప్ యాంగిల్ (ఆ తరంగాలు హైడ్రోజన్‌ను వంచే కోణం) తగ్గి టీ1 అంచనా జారుతుంది. ఎంపీ2రేజ్ పద్ధతి రెండు చిత్రాలు తీసి వాటిని నిష్పత్తిలా కలపడం వల్ల ఆ అసమానత చాలావరకు రద్దవుతుంది గానీ పూర్తిగా కాదు. ఆ తరంగాల బలం ఎక్కడ ఎంతో చూపే బీ1 పటాన్ని విడిగా తీసి దిద్దుకోవాలి.

వీటన్నిటికంటే మోసపూరితమైనది గిబ్స్ రింగింగ్. కార్టెక్స్ పైన ఉండే ద్రవానికీ, కార్టెక్స్‌కీ మధ్య సంకేతంలో పెద్ద తేడా ఉంటుంది. స్కానర్ కొలిచే పౌనఃపున్యాలకు ఒక హద్దు ఉంటుంది కాబట్టి ఆ పదునైన అంచు పక్కన అలలు లేస్తాయి. అవి అంచుకు సమాంతరంగా, దాదాపు రెండు వోక్సెళ్లకు ఒక అల చొప్పున వస్తాయి. 0.7 మి.మీ. స్కాన్‌లో అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లకు ఒక చార, సరిగ్గా కార్టెక్స్ మధ్యలో, సరిగ్గా పొరలా! దీన్ని పట్టుకునే ఉపాయం తేలికే. అదే వ్యక్తిని 0.7 వద్దా, 0.9 వద్దా రెండుసార్లు తీయండి. నిజమైన చార ఉన్న లోతులోనే ఉంటుంది. రింగింగ్ చార వోక్సెల్ సైజుతో పాటు జరుగుతుంది. ఈ పరీక్ష చేయకుండా ‘చార కనబడింది’ అనే వ్యాసాన్ని కాస్త అనుమానంగానే చదవాలి.

లోతును కొలవడం

పొర పేరు పెట్టే ముందు లోతు కొలవాలి. వరుస ఇలా ఉంటుంది: ముందు ద్రవానికీ కార్టెక్స్‌కీ మధ్య హద్దు, కార్టెక్స్‌కీ తెల్ల పదార్థానికీ మధ్య హద్దు గీస్తారు. ఆ చిత్రాన్ని మూడు నుంచి ఐదు రెట్లు సన్నని గ్రిడ్‌కు మారుస్తారు. దీనితో కొత్త సమాచారమేదీ రాదు, గీతలు గరుకుగా రాకుండా ఉంటాయంతే. తర్వాత రెండు హద్దుల మధ్య లోతును 0 నుంచి 1 దాకా పంచుతారు.

పంచే తీరులో ఒక చిక్కుంది. హద్దుల మధ్య దూరాన్ని సమానంగా కోస్తే ముడతల దగ్గర తప్పు వస్తుంది. 1929లోనే బాక్ అనే శాస్త్రవేత్త గమనించినదేమిటంటే, ముడత శిఖరం మీద లోపలి పొరలు మందంగా, పైపొరలు పలుచగా ఉంటాయి, లోయ అడుగున దీనికి తలకిందులు, కానీ ప్రతి పొర ఘనపరిమాణపు వాటా మాత్రం దాదాపు స్థిరం. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకున్నదే ఈక్వివాల్యూమ్ పద్ధతి. లేనై, నైట్‌రెస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఉంది. వంపు ఎక్కువున్న చోట సమదూర పద్ధతికీ దీనికీ వచ్చే తేడా ఒక పొర మందమంత ఉండొచ్చు. అయితే 0.8 మి.మీ. వోక్సెళ్ల దగ్గర ఆ తేడా నాయిస్‌లో కలిసిపోతుందని కూడా ఒప్పుకోవాలి. రిజల్యూషన్ మెరుగయ్యేకొద్దీ దాని విలువ పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: వోక్సెళ్లు మూడున్నర ఉంటే, వ్యాసాల్లో ఇరవై లోతుల గ్రాఫ్ ఎలా వేస్తారు? అందులో మోసం లేదు. కార్టెక్స్ వంపులు తిరిగి ఉంటుంది, గ్రిడ్ తిన్నగా ఉంటుంది. కాబట్టి పక్కపక్క నిలువు గీతల్లో వోక్సెల్ కేంద్రాలు వేర్వేరు లోతుల్లో పడతాయి. 10 మి.మీ. చదరపు ముక్కలో 0.7 మి.మీ. గ్రిడ్‌తో రెండొందల దాకా అలాంటి నిలువు గీతలు దొరుకుతాయి. వాటిని సగటు చేస్తే లోతు వక్రరేఖ నున్నగా, వివరంగా వస్తుంది. ఈ లాభానికి రెండు షరతులున్నాయి. వోక్సెల్ తనలో తాను చేసిన మసక పోదు. పైగా ఆ ముక్క అంతటా పొరల తీరు ఒకటే అయ్యుండాలి. ముక్క రెండు బ్రాడ్‌మన్ ప్రాంతాల సరిహద్దు మీద పడితే వచ్చే సగటు రెండిట్లో దేనిదీ కాదు.

మెషీన్ లెర్నింగ్ ఎక్కడ దిగుతుంది

ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు జరుగుతున్నాయి, వాటి నమ్మకం కూడా వేర్వేరు.

మొదటిది హద్దులు గీయడం. యూ-నెట్ తరహా నెట్‌వర్కులు (ఉదాహరణలు చూసి చిత్రాన్ని భాగాలుగా విడగొట్టడం నేర్చుకునే ప్రోగ్రాములు) కార్టెక్స్ రెండు అంచులనూ నిమిషాల్లో గీస్తాయి. పాత పద్ధతిలో గంటలు పట్టే పని ఇది. ఫాస్ట్‌సర్ఫర్, సింథ్‌సెగ్ లాంటివి ఇక్కడ నిజంగా మేలు చేశాయి. కానీ ఎక్కువ భాగం 1 మి.మీ. చిత్రాల మీద నేర్చుకున్నవి. 7 టెస్లా చిత్రమిస్తే పక్కనే మెదడును కప్పి ఉండే డ్యూరా పొరనో, సిరనో కార్టెక్స్‌లో కలిపేస్తాయి. బయటి అంచు 0.3 మి.మీ. తప్పిందంటే అక్కడి 1వ పొర లెక్కంతా పోయినట్టే. అందుకే అంచుల్ని మనిషి కంటితో చూడటం ఇంకా తప్పలేదు.

రెండోది పొరల పేర్లు పెట్టడం. దీనికి నేర్పే సమాధాన పత్రం కావాలి. బతికున్న మనిషిలో అది దొరకదు. ఉన్నవాటిలో ప్రసిద్ధమైనది బిగ్‌బ్రెయిన్. 65 ఏళ్ల వ్యక్తి మెదడును 20 మైక్రాన్ల మందాన 7,404 ముక్కలు కోసి, రంగు వేసి, స్కాన్ చేసి మళ్లీ త్రీడీగా కూర్చారు, 2013లో విడుదలైంది. 2020లో వచ్చిన ఒక పరిశోధన కొన్ని చోట్ల నిపుణులు చేత్తో గీసిన పొరలతో ఒక నెట్‌వర్కుకు నేర్పి, మెదడంతటా ఆరు పొరలనూ గుర్తించింది. అందులో నచ్చే విషయం నెట్‌వర్కు సైజు. కార్టెక్స్‌కు నిలువుగా తీసిన సాంద్రత రేఖను చదివే ఒక డైమెన్షన్ నెట్‌వర్కు అది. నేర్పే ఉదాహరణలు తక్కువున్న చోట పెద్ద త్రీడీ నెట్‌వర్కు కన్నా ఇదే తెలివైన ఎంపిక.

కానీ అది ఒక్క మనిషి మెదడు, కణాలకు రంగు వేసిన చిత్రం. దాన్ని మైలిన్ చూసే ఎమ్మారైకి అంటగట్టాలంటే మధ్యలో ఒక వంతెన కావాలి. మరణానంతరం అదే కణజాలాన్ని ముందు ఎమ్మారై తీసి తర్వాత కోయడం ఒక మార్గం. అక్కడా చిక్కులే: ఫార్మలిన్‌లో నానిన కణజాలంలో టీ1 బాగా పడిపోతుంది, కోతకు సిద్ధం చేసేటప్పుడు ముక్క కుంచించుకుపోతుంది. అక్కడ నేర్చుకున్న నెట్‌వర్కు బతికున్న మెదడు దగ్గర తడబడటంలో ఆశ్చర్యం లేదు.

మూడోది సూపర్ రిజల్యూషన్. ముతక చిత్రాన్నిచ్చి సన్నని చిత్రాన్ని పుట్టించడం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పొరల విషయంలో అత్యంత ప్రమాదకరమైనది కూడా ఇదే. వోక్సెల్‌లో కలిసిపోయిన సమాచారాన్ని నెట్‌వర్కు వెనక్కి తీయలేదు. ‘ఇలాంటి చోట మామూలుగా ఎలా ఉంటుంది’ అన్నది మాత్రం రాయగలదు. ఆరోగ్యవంతుల చిత్రాలతో నేర్చిన నెట్‌వర్కు, పొరలు చెదిరిపోయిన రోగి మెదడులోనూ చక్కటి పొరలు గీసి చూపిస్తుంది. వైద్యుడికి కావాల్సిన ఆ చెదురునే తుడిచేస్తుంది.

వీటికి దూరంగా ఇంకో దారి ఉంది. 2012లో బరజానీ, అస్సాఫ్ అనే పరిశోధకులు చూపించింది ఇదే: వోక్సెల్‌ను చిన్నది చేసే బదులు, ఒకే చోటును చాలా ఇన్వర్షన్ సమయాల (సంకేతాన్ని తలకిందులు చేశాక కొలిచేదాకా ఆగే వ్యవధుల) వద్ద మళ్లీ మళ్లీ కొలిచి, ఆ వోక్సెల్‌లో ఏయే టీ1 విలువలు ఎంతెంత పాళ్లలో కలిసి ఉన్నాయో విడదీయడం. వోక్సెల్ పెద్దదైనా పర్వాలేదు కాబట్టి మామూలు బలమున్న యంత్రాల మీదా ఆశ పెట్టుకోవచ్చు. ప్రతి టీ1 గుంపూ ఒక పొరేనా అన్నది మాత్రం ప్రాంతం ప్రాంతానికీ తేల్చుకోవాలి. అదీగాక ఘాతాంక వక్రరేఖల మిశ్రమాన్ని విడదీయడం గణితంలో పేరుమోసిన మొండి సమస్య. కాస్త నాయిస్ ఉంటే చాలు, పక్కపక్క టీ1 విలువలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

పటాన్ని నిలదీయడం

నెట్‌వర్కుకు లోతు తెలిస్తే చాలు, చిత్రం చూడకుండానే మంచి మార్కులు తెచ్చుకోగలదు. 4వ పొర సుమారుగా మధ్యలో ఉంటుందని గుర్తుంచుకుంటే సరిపోయె! కాబట్టి మొదటి పోటీదారు ఎప్పుడూ ‘లోతు మాత్రమే’ మోడల్ కావాలి. సగటు మెదడులో ప్రతి పొర వాటా ఎంతో లెక్కేసి, అదే అందరికీ అంటించే మొద్దు మోడల్. కొత్త నెట్‌వర్కు దాన్ని ఎంత తేడాతో దాటిందో అంతే దాని సొంత సంపాదన. రెండో పరీక్షలో ప్రతి వోక్సెల్‌లోని సంకేతాన్ని అదే లోతులోని మరో వోక్సెల్ సంకేతంతో యాదృచ్ఛికంగా మార్చేసి మళ్లీ నడపాలి. పటం మారలేదంటే నెట్‌వర్కు ఆ చోటు చిత్రాన్ని చూడటం లేదు. మూడోదానికి దృశ్య ప్రాంతం, మోటార్ ప్రాంతం పనికొస్తాయి. మొదటిదానిలో జెన్నారి చార తన హద్దు దగ్గర టక్కున ఆగాలి. రెండోదానిలో 4వ పొర మందంగా రాకూడదు. వస్తే అది సగటు మెదడును గీస్తోందన్నమాట.

మార్కుల లెక్కలోనూ జాగ్రత్త. రెండు గీతల మధ్య భాగాలు ఎంత మేర ఒకదాని మీద ఒకటి పడ్డాయో చెప్పే డైస్ స్కోరు (పూర్తిగా కలిస్తే 1) పెద్ద అవయవాలకు బాగుంటుంది. 0.3 మి.మీ. మందమున్న చార 0.15 మి.మీ. పక్కకు జరిగితే డైస్ 0.5కు కూలిపోతుంది. అదే తప్పు కార్టెక్స్ మొత్తానికి జరిగితే 0.94 చూపిస్తుంది. పొరలకు హద్దు ఎన్ని మైక్రాన్లు తప్పిందో చెప్పడమే న్యాయం. ఇంకో సాధారణ దోషం లీకేజీ. ఒకే వ్యక్తి మెదడులోని కొన్ని ముక్కలతో నేర్పి, మిగతా ముక్కలతో పరీక్షిస్తారు. పక్కపక్క ముక్కలు కవల పిల్లల్లాంటివి, మార్కులు ఆకాశంలో ఉంటాయి. విడగొట్టాల్సింది వ్యక్తులవారీగా, వీలైతే స్కానర్లవారీగా కూడా.

పొరల్లో కదలిక చూడాలంటే ఇంకో అడ్డంకి రక్తం. ఎఫ్ఎమ్మారై న్యూరాన్‌ను కాక రక్తంలోని ఆక్సిజన్ మార్పును చూస్తుంది. కార్టెక్స్‌లో సిరలు లోపలి పొరల నుంచి పైకి ప్రవహించి ఉపరితలం మీది పెద్ద సిరల్లో కలుస్తాయి. 6వ పొరలో జరిగిన పని జాడ పైకి వెళ్తూ 2వ పొరలోనూ కనిపిస్తుంది. ఆక్సిజన్ మార్పును చూసే ఈ మామూలు సంకేతం (దీన్నే బోల్డ్ అంటారు) ఏ పనికైనా పైపొరల్లోనే ఎక్కువ వెలగడానికి కారణమిదే. రక్త పరిమాణాన్ని కొలిచే వాసో పద్ధతి ఈ మోసానికి చాలా తక్కువ లోనవుతుంది. సంకేతం బలహీనం, స్కాన్ నెమ్మది, అయినా 2017లో వేళ్లు ఆడించే ప్రయోగంలో మోటార్ ప్రాంతంలో పైన ఒక చార, లోపల ఒక చార విడివిడిగా కనిపించింది ఈ పద్ధతి వల్లే. లోపలి చార వెన్నుపాముకు పంపే ఆజ్ఞలదని వ్యాఖ్యానం. బోల్డ్‌తో తీసి, సిరల ప్రభావాన్ని నెట్‌వర్కుతో ‘శుభ్రం’ చేశామనే పనుల్లో, ఆ శుభ్రం చేయడం ఏ రక్తనాళ నమూనా మీద నేర్పారో చూడాలి. పైపొరలోని నిజమైన పనిని కూడా అది కడిగేయవచ్చు.

వైద్యంలో ఇప్పటికే ఫలితమిస్తున్నది మూర్ఛ. ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియాలో ఒక చిన్న ముక్కలో పొరల అమరిక పుట్టుకతోనే చెదిరి ఉంటుంది. మందులకు లొంగని మూర్ఛకు అది కారణమైనప్పుడు ఆ ముక్కను తీసేస్తే చాలామందికి ఉపశమనం ఉంటుంది, కానీ ఎమ్మారైలో దాన్ని కంటితో పట్టుకోవడం కష్టం. మెల్డ్ అనే బహుళ కేంద్రాల ప్రాజెక్టు 22 ఆసుపత్రుల నుంచి వెయ్యి మందికి పైగా స్కాన్లు సేకరించి నెట్‌వర్కుకు నేర్పింది. అది ఆరు పొరలను గీయదు. కార్టెక్స్ మందం, బూడిద-తెలుపు హద్దు పదును, వేర్వేరు లోతుల్లో సంకేత తీవ్రత లాంటి కొలతలను ఇతరులతో పోల్చి ‘ఇక్కడ తేడాగా ఉంది, చూడండి’ అంటుంది. ఆరోగ్యవంతుల్లోనూ అప్పుడప్పుడూ వేలు చూపిస్తుంది కాబట్టి చివరి మాట రేడియాలజిస్టుదీ, ఈఈజీదీ. ఇది నడిచేది మామూలు 1.5, 3 టెస్లా ఆసుపత్రి స్కాన్ల మీదే. 3 టెస్లా స్కాన్ నుంచి ఒక వ్యక్తి 4వ పొర మందం ఇంత అని అంకె చెప్పే సాఫ్ట్‌వేర్ ఎదురైతే, ‘లోతు మాత్రమే’ మోడల్‌తో పోల్చిన పట్టిక చూపించమని అడగండి.